నీలి పూల టీ – మందా, ఉత్త రంగు నీళ్లా?

"అన్నా, శంఖు పూల టీ తాగితే టెన్షన్ తగ్గుతుందట కదా? నిద్ర బాగా పడుతుందట కదా?" ఈ ప్రశ్న గత రెండేళ్లలో మన హాస్టల్ తమ్ముళ్లు నన్ను కనీసం పదిసార్లు అడిగి ఉంటారు. నేను ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను, పైగా అరకు వైపు కొండల నుంచి వచ్చాను కాబట్టి ప్రతి ఆకూ ప్రతి పువ్వూ నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. మా కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. అందుకని ఊళ్లోనూ ఇదే వరస. మాత్రల అట్ట మీద ఏం రాసుందో, పురుగు మందు డబ్బా మీద ఏం రాసుందో చదివి చెప్పే పని నాదే. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తే పోలేదా అనిపించింది.

శంఖు పువ్వు తీగను మీలో చాలామంది చూసే ఉంటారు. కంచెల మీద, బడి గోడల మీద, గుడి ముందు పందిళ్ల మీద అల్లుకుంటుంది. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క. అందుకే కాయలు సన్నగా, బల్లపరుపుగా చిక్కుడు కాయల్లా ఉంటాయి. వేళ్లకు నత్రజనిని పట్టి ఉంచే బుడిపెలుంటాయి. ఒక్కో ఆకులో ఐదో ఏడో చిట్టి ఆకులు ఉంటాయి. పువ్వు ముదురు నీలం, మధ్యలో తెల్లగానో లేత పసుపుగానో మచ్చ. తెల్ల పూలు పూసే రకం కూడా ఉంది. దింటెన అని తెలుగులో, అపరాజిత అని సంస్కృతంలో అంటారు. శాస్త్రీయ నామం క్లిటోరియా టెర్నేషియా. ఇండోనేషియాలోని టెర్నేట్ అనే దీవి పేరు మీద ఆ రెండో మాట వచ్చింది.

ఈ పూలను వేడినీళ్లలో వేసుకొని తాగే అలవాటు ఆగ్నేయాసియాది. థాయిలాండ్‌లో దీన్ని నిమ్మరసం, తేనె కలిపి ఇంటికొచ్చిన అతిథులకు ఇస్తారు. మలేషియాలో ఈ పూల నీళ్లతో అన్నం నీలంగా వండుతారు. అక్కడి నుంచి నగరాల హోటళ్లకు, ఆన్‌లైన్ దుకాణాలకు 'బ్లూ టీ' అనే పేరుతో పాకింది. మా ఊళ్లో ఎవరైనా ఈ పూలతో టీ కాచుకొని తాగడం నేను చూడలేదు. మాకు తాగడానికి రాగి అంబలి ఉంది, జీలుగు కల్లు ఉంది, కాఫీ తోటలు వచ్చాక కాఫీ ఉంది. శంఖు తీగ వరకు చూస్తే పువ్వు దేవుడికి, వేరు మందుకి. కాబట్టి 'వేల ఏళ్లుగా అడవి బిడ్డలు తాగుతున్న పానీయం' లాంటి మాటలు పొట్లం మీద కనిపిస్తే కొంచెం ఆగి చూడండి. మన పేరు చెప్పి మనకే అమ్మేవాళ్లు ఉన్నారు.

అసలు చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. ఆయుర్వేదంలో శంఖపుష్పి అనే మూలిక ఉంది. బుద్ధికి, జ్ఞాపకశక్తికి, మనసు కుదుటపడడానికి మంచిదని గ్రంథాలు చెప్పే మూలికల్లో అదొకటి. అయితే ఆ పేరుతో దేశంలో కనీసం నాలుగు వేర్వేరు మొక్కలు చలామణీలో ఉన్నాయి. భారత ఆయుర్వేద ఫార్మకోపియా ఒప్పుకున్నది కాన్వాల్వులస్ అనే మొక్కను. అది నేల మీద పాకే చిన్న మొక్క, తెల్లగా గానీ లేత గులాబీ రంగులో గానీ గరాటులాంటి పూలు పూస్తుంది. ఉత్తరాది వైద్యులు ఎక్కువగా దాన్నే వాడతారు. కేరళ వైద్యులు శంఖపుష్పి అంటే మన నీలి శంఖు తీగనే తీసుకుంటారు. మూడోది విష్ణుక్రాంత. చిటికెన వేలి గోరంత నీలి పూలతో గడ్డిలో దాక్కొని ఉంటుంది. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రుల్లో ఒకటిగా పూజకు పెట్టేది దాన్నే. కొన్నిచోట్ల శంఖు తీగను కూడా విష్ణుక్రాంత అంటారు. నాలుగోది కాన్స్‌కోరా అనే ఇంకో చిన్న మొక్క.

ఇదంతా పరీక్షలో రాయడానికి చెప్పడం లేదు. మందుల షాపులో జ్ఞాపకశక్తి సిరప్ సీసా మీద 'శంఖపుష్పి' అని చదివి, ఆ గుణాలన్నీ గోడ మీది నీలి పువ్వుకు అంటగడుతున్నారు. ఒక మొక్క మీద జరిగిన పరిశోధన ఫలితాన్ని ఇంకో మొక్క పొట్లం మీద ముద్రిస్తున్నారు. సెల్‌ఫోన్‌లో వచ్చే సందేశాల్లో అయితే నాలుగూ కలిసిపోయి ఒకటే అవుతాయి. మీ ఊళ్లో రంగమ్మలు నలుగురుంటే ఒక రంగమ్మకు రాసిన మాత్రలు ఇంకో రంగమ్మకు ఇస్తారా?

మొక్క ఏదో తేలాక రెండో ప్రశ్న, ఏ భాగం అని. మా అమ్మమ్మ ఒక్క అక్షరం చదువుకోలేదు. కానీ ఎవరైనా వచ్చి ఫలానా ఆకు ఇవ్వమంటే వెంటనే ఇచ్చేది కాదు. ఎవరికి, ఎన్నేళ్లు, కడుపుతో ఉందా, పాలిచ్చే తల్లా అని అడిగేది. దిసారి గానీ, మందు తెలిసిన పెద్దవాళ్లు గానీ శంఖు తీగ దగ్గరకు వేరు కోసం వెళ్తారు. వేరుకూ గింజలకూ విరేచనాలు చేయించే గుణం ఉంది. కడుపు శుభ్రం కావడానికి కొలిచి ఇచ్చేవారు. పువ్వుకు ఆ పని లేదు. ఒకే తీగ, పైన చూస్తే టీ, కింద తవ్వితే భేది మందు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మన తమ్ముడొకడు చూపించాడు. ఇంటర్ పరీక్షల ముందు నిద్ర పట్టడం లేదని, మొత్తం తీగనే కోసుకొచ్చి, పూలతోపాటు ముదిరిన కాయలు కూడా వేసి చెంబెడు నీళ్లు అర చెంబు అయ్యేదాకా మరిగించి తాగాడు. ఆ రాత్రి నిజంగానే నిద్ర పట్టలేదు, కానీ దానికి కారణం పరీక్ష కాదు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగించి తెల్లారేదాకా పక్కన కూర్చున్నాం. మర్నాటికి తేరుకున్నాడు. పేరు రాయను, వాడికీ మీకూ తెలుసు.

వేరుకు ఇంకో పేరు కూడా ఉంది, అదే ప్రమాదకరమైంది. పాము కరిస్తే ఈ వేరు నూరి తాగిస్తే విషం దిగుతుందని చాలా ప్రాంతాల్లో నమ్ముతారు. పెద్దల మాటంటే నాకు గౌరవమే. కానీ ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. పాము విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఎక్కించే యాంటీ వెనమ్ ఒక్కటే. మన దేశంలో వాడేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కరిచిన పాములన్నీ విషపువి కావు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. అలా బతికిన వాళ్లు వేరు వల్లే బతికామనుకుంటారు. విషం ఎక్కినవాళ్లు సాక్ష్యం చెప్పడానికి మిగలరు. కొండ దిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరడానికి గంటలు పట్టే ఊళ్లు మనవి. వేరు నూరడంలో పోయే అరగంట చాలా ఖరీదైన అరగంట.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పూల టీ మనసును శాంతపరుస్తుందా?

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో శంఖు మొక్క సారానికి ఆందోళన తగ్గించే గుణం కనిపించిన మాట నిజం. అయితే వాటిలో చాలావరకు వాడింది వేరు సారమో, మొత్తం మొక్క సారమో. అదీ ఎలుక బరువుతో పోలిస్తే భారీ మోతాదులో. కప్పు నీళ్లలో ఐదు పూలు నానబెట్టిన దానికీ, ఆ సారానికీ పోలిక లేదు. పూల పానీయాన్నే మనుషులకు ఇచ్చి చూసిన పరిశోధన థాయిలాండ్ నుంచి 2018లో ఒకటి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 15 మంది పురుషులకు పంచదార నీళ్లతో కలిపి ఇస్తే, ఉత్త పంచదార నీళ్లు తాగినప్పటి కంటే రక్తంలో చక్కెర తక్కువగా పెరిగిందని తేలింది. అది చక్కెర గురించి, నిద్ర గురించి కాదు. దాన్ని కూడా నిద్ర ఖాతాలో రాసేసుకునే వాళ్లున్నారు.

నిజంగా మనసును మత్తుగా, శాంతంగా చేసే మొక్క తూర్పు కనుమల్లో లేదా అంటే ఉంది. సర్పగంధ, పాతాళగంధి అని కూడా అంటారు. దాని వేరును పిచ్చికి, రక్తపోటుకి వాడవచ్చని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ రక్తపోటు రోగులకు అది ఎలా పనిచేసిందో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురిస్తే ప్రపంచమంతా ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. మానసిక వైద్యంలో తొలి మందుల్లో అదొకటి. నాకైతే ఇది గర్వపడే కథ. పల్లె వైద్యుల చేతిలో ఉన్న వేరు ప్రపంచ ఆసుపత్రులకు వెళ్లింది. కానీ మిగతా సగం కథ కూడా వినాలి. ఆ మందు వాడిన కొందరు రోగుల్లో రక్తపోటు మరీ పడిపోయింది, కొందరు తీవ్రమైన దిగులులోకి జారిపోయారు. మంచి మందులు వచ్చాక దాన్ని పక్కన పెట్టారు. అడవిలో విచ్చలవిడిగా తవ్వడం వల్ల మొక్కే అరుదైపోయింది.

నేను అర్థం చేసుకున్నది ఇది. బాగా పనిచేసే మూలికకు బాగా హాని చేసే శక్తి కూడా ఉంటుంది. 'ఎంత తాగినా హాని లేదు, కానీ నిద్ర మాత్రలా పనిచేస్తుంది' అని ఎవరైనా ఒకే నోటితో అంటే రెండిట్లో ఒకటి అబద్ధం. శంఖు పూల టీ మొదటి రకానికి దగ్గర. పలచగా కాస్తే చాలామందికి హాని లేని, రుచి కూడా పెద్దగా లేని పానీయం.

అయినా కొందరికి అది తాగితే నిద్ర పడుతోంది. ఎందుకని? అందులో కెఫీన్ లేదు. కాఫీ తాగాక అందులోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పది గంటలకు గ్లాసుడు కాఫీ తాగి చదవడానికి కూర్చున్నవాడికి మూడింటికి కూడా సగం కాఫీ లోపలే ఉంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా సంబరపడ్డాం, బాగానే ఉంది, కానీ ఆ గుర్తింపు రాత్రి పదింటికి తాగమని ఇవ్వలేదు. కాఫీ మానేసి నీలి టీ తాగితే వచ్చే నిద్రలో పువ్వు వాటా ఎంతో గానీ, కాఫీ లేకపోవడం వాటా మాత్రం పెద్దది. పుస్తకం మూసి, ఫోన్ పక్కన పెట్టి, వేడి గ్లాసు రెండు చేతుల్లో పట్టుకొని పది నిమిషాలు ఊరికే కూర్చోవడం కూడా కొంత పని చేస్తుంది. దానికి ఏ పువ్వయినా ఒకటే, వేడి మంచినీళ్లయినా చాలు.

ఎవరు తాగకూడదన్నది చెప్పాలి. మొదట గర్భిణులు. దీని వెనుక ఒక కథ ఉంది. 1960ల్లో ఆఫ్రికాలోని కాంగోలో పనిచేసిన లోరెంట్స్ గ్రాన్ అనే నార్వే వైద్యుడు, అక్కడి స్త్రీలు కాన్పు త్వరగా కావడానికి ఒక మొక్కతో కాచిన టీ తాగడం గమనించాడు. ఆ టీ గర్భాశయాన్ని గట్టిగా ముడుచుకునేలా చేసేది. తర్వాత తేలిందేమిటంటే, అందులో గుండ్రంగా ఉంగరంలా మూసుకుపోయిన చిన్న ప్రోటీన్లు ఉన్నాయి. సైక్లోటైడ్లు అని పేరు పెట్టారు. ఉంగరంలా ఉండడం వల్ల మరిగించినా చెడిపోవు. ఆ కుటుంబపు పదార్థాలే మన శంఖు మొక్కలోనూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పత్తి చేలకు శంఖు మొక్క సారంతో పురుగు మందు కూడా తయారు చేశారు. అమెరికా 2021లో ఈ పూల రంగును కొన్ని తినుబండారాల్లో, పానీయాల్లో వాడుకోనిచ్చింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2022లో ఎండు పూలను ఆహారంగా అమ్మడానికి అభ్యంతరం చెప్పింది. అందుకు చూపిన కారణం ఈ సైక్లోటైడ్లే. కప్పు టీ తాగితే ప్రమాదమని దీని అర్థం కాదు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి, చిన్న పిల్లలకు ఇచ్చి చూడాల్సినంత లాభం అందులో లేదని మాత్రం అర్థం. మీ అక్కలకూ వదినలకూ ఈ సంగతి చెప్పండి.

చక్కెర వ్యాధికి మాత్రలు వాడేవాళ్లు, నిద్ర మాత్రలు గానీ ఫిట్స్ మందులు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా రోజూ తాగకూడదు. సికిల్ సెల్ వ్యాధికి మందులు వాడుతున్న తమ్ముళ్లు కూడా అంతే. మన ప్రాంతంలో ఇంకో మాట ముఖ్యం. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను టీతోగానీ కాఫీతోగానీ మింగకండి. పూల కషాయాలకూ ఇది వర్తిస్తుంది. వాటిలోని వగరు పదార్థాలు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. గంటా రెండు గంటలు ఎడం ఉంచండి. జ్వరంతో మగతగా పడి ఉన్నవాణ్ణి చూసి 'పూల టీ తాగాడు, పడుకున్నాడు' అనుకోకండి. మలేరియా తిరిగే కొండల్లో జ్వరంతో మగత వస్తే అది పరుగెత్తాల్సిన సమయం.

రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే, ఏడుపు వస్తుంటే, చదువు మీదే కాక బతుకు మీద కూడా విసుగు పుడుతుంటే దానికి టీ మందు కాదు. ఎవరితోనైనా చెప్పండి. వార్డెన్ గారితో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంటికి తెలిస్తే చదువు మాన్పిస్తారేమోనన్న భయం మనలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది.

దుకాణాల్లో దొరికే శాంతి టీలలో ఇంకో రెండు పూలు కనిపిస్తాయి. ఒకటి చామొమైల్. ఇది మన చామంతి, బంతి కుటుంబంది. వయ్యారిభామ కలుపు మొక్క కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లకు చామొమైల్ కూడా పడకపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవాళ్లకు కూడా అది మంచిది కాదు. రెండోది మనం రాఖీ పువ్వు అనే జాతికి చెందింది. దాంట్లో ఒక ప్రత్యేకమైన అమెరికా రకాన్ని ఐరోపా మందుల సంస్థ స్వల్ప ఆందోళనకు, నిద్రకు సంప్రదాయ ఔషధంగా గుర్తించింది. అదీ పన్నెండేళ్లు దాటినవాళ్లకే. మన కంచెల మీద పాకే రాఖీ తీగలు వేరే రకాలు, వాటిని కోసి కాచుకోవద్దు.

పూజకు పనికొచ్చే పువ్వు పొట్టకు కూడా పనికొస్తుందనుకోవడం మరో పొరపాటు. వినాయకుడి పత్రుల్లో విష్ణుక్రాంత పక్కనే ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది. ఉమ్మెత్త పువ్వు, గింజ ఏది తిన్నా నోరెండిపోయి, కళ్లు మసకబారి, మతి తప్పి మాట్లాడతారు. గన్నేరు గుండెను ఆపేస్తుంది. అడవిలో వానాకాలం మంటలా పూసే అడవినాభి పువ్వు ఎంత అందమో అంత విషం. ఎవరైనా తెలియక ఏదైనా పువ్వు తిని వాంతులు, మగత మొదలైతే ఇంట్లో వైద్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకొని వెంట తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.

ఇంతా చదివాక కూడా తాగాలనిపిస్తే, తాగండి. నేనూ అప్పుడప్పుడు తాగుతాను, రంగు కోసం. మందు కొట్టని చోట, రోడ్డు దుమ్ము పడని చోట పూసిన పూలు ఐదారు తెచ్చుకోండి. కింది ఆకుపచ్చ తొడిమ, లోపలి పిందె తీసేసి రేకులు మాత్రం ఉంచండి. కడిగి, గ్లాసు వేడినీళ్లలో వేసి ఐదు నిమిషాలు మూత పెట్టండి. మరిగించక్కర్లేదు. రోజుకు ఒక గ్లాసు చాలు. నిల్వ చేసుకోవాలంటే నీడలో పెళపెళలాడేదాకా ఎండబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, బూజు పట్టినవి పారేయాలి.

కొన్న పొట్లమైతే ఒక చిన్న పరీక్ష చేయండి. నీలి నీళ్లలో నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఊదాగా, ఇంకా పిండితే గులాబీ రంగుగా మారాలి. వేరే గ్లాసులో చిటికెడు చాకలి సోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరగాలి. పూలలోని సహజమైన రంగు పులుపుకీ క్షారానికీ ఇలా స్పందిస్తుంది. పదో తరగతి తమ్ముళ్లు లిట్మస్ కాగితం బదులు దీన్నే వాడుకోవచ్చు. సోడా వేసిన గ్లాసు మాత్రం పారబోయాలి, తాగకూడదు. నిమ్మరసం ఎంత పిండినా నీలం నీలంగానే ఉండిపోతే అందులో ఉన్నది పువ్వు రంగు కాదు, డబ్బా రంగు. ఆ పొట్లం దుకాణదారుకే తిరిగి ఇచ్చేయండి.